31 పనులు, ముగ్గురు ఏఈలు: మా మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగం షెడ్యూల్ డైరీ

2024 డిసెంబర్ 28, శనివారం

ఈ డైరీ ఎందుకు మొదలుపెడుతున్నానో ముందు రాసుకోవాలి. మొన్న గురువారం ఉదయం ఒకే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పరిధిలోని రెండు వార్డుల్లో రెండు సీసీ రోడ్లకు ఒకేసారి కాంక్రీట్ వేశారు. రెండింటికీ సరే అన్నది నేనే. ఒక కాంట్రాక్టర్ మంగళవారం అడిగారు, ఇంకొకరు క్రిస్మస్ రోజు సాయంత్రం ఫోన్ చేశారు. మొదటిదాని సంగతి గుర్తులేక రెండోదానికీ ఊఁ అన్నాను.

ఏఈ గారు మొదటి సైట్‌లో పని చూసుకుని రెండోదానికి వెళ్లేసరికి పదకొండున్నర అయింది. 60 మీటర్ల రోడ్డులో అప్పటికే 40 మీటర్లు వేసేశారు. కాంక్రీట్ ఎంత పలచగా ఉందో చెప్పే స్లంప్ చూసినవాళ్లు లేరు, బలం పరీక్షకు క్యూబులు పోసినవాళ్లు లేరు. ఫినిషింగ్ చేసే మేస్త్రి మగ్గుతో నీళ్లు చల్లుకుంటూ చెక్క లాగుతున్నాడు. పైన సిమెంట్ పాలు తేలి నున్నగా, అందంగా కనబడుతుంది. రెండు వానలు పడితే ఆ పొరే పెచ్చులు లేస్తుంది. ఇప్పుడు గట్టిపడిన రోడ్డులోంచి కోర్లు (గుండ్రటి ముక్కలు) తీయించి పరీక్షకు పంపాలి.

ఏఈ గారిని గట్టిగా అడిగాను. ఆయన మారు మాట్లాడకుండా ఫోన్ తీసి కాల్ లిస్టు చూపించారు. ఉదయం 6 నుంచి 11 లోపు 23 కాల్స్ ఉన్నాయి. అందులో రెండు నావి. పైపులైన్ లీకేజీ గురించి నేనే చేశాను.

మాది గోదావరి డెల్టాలో ఒక మున్సిపాలిటీ. ఇంజినీరింగ్‌లో డీఈఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) నేను, ముగ్గురు ఏఈలు, ఇద్దరు వర్క్ ఇన్‌స్పెక్టర్లు, సచివాలయాల్లో వసతుల పనులు చూసే వార్డు ఎమినిటీస్ సెక్రటరీలు. ఏ పనికి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అన్నది మా దగ్గర పైసలతో సహా ఉంటుంది. రేపు ఉదయం ఏ ఏఈ ఎక్కడ ఉండాలో మాత్రం ఎక్కడా రాసి లేదు.

2025 జనవరి 6, సోమవారం

చేతిలో ఉన్న పనులన్నీ ఒకచోట చేర్చాను. 12 సీసీ రోడ్లు, 10 డ్రైన్లు, 4 పైపులైన్ పొడిగింపులు, 2 కల్వర్టులు, 2 భవనాల మరమ్మతులు, ఒక పార్కు ప్రహరీ. మొత్తం 31. ఇవి నాలుగు ఫైళ్లలో, రెండు ఎక్సెల్ షీట్లలో, ఒక ఏఈ గారి జేబులోని నోట్‌బుక్కులో ఉన్నాయి.

పనుల షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్‌గా ప్రాజెక్ట్‌లిబ్రే పెట్టుకున్నాను. 2012లో వచ్చిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్, డబ్బు కట్టక్కర్లేదు, జావా ఉంటే మా ఆఫీసు కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. కొత్త లైసెన్సు కోసం ఫైలు పెట్టి ఎదురుచూసే ఓపిక లేదు. షెడ్యూల్ వేసే పద్ధతులు సీపీఎం (క్రిటికల్ పాత్ మెథడ్), పెర్ట్ అందరం చదువుకున్నవే. 1950ల చివర్లో డ్యూపాంట్ రసాయన కంపెనీలో ఒకటి, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనిలో ఇంకొకటి పుట్టాయని పరీక్షల్లో రాశాం. ఉద్యోగంలో చేరాక ఒక్కసారి కూడా వాడలేదు. అందులో మాకు కావలసింది క్రిటికల్ పాత్ (ఆలస్యమైతే మొత్తం ఆలస్యమయ్యే పనుల వరస) కన్నా మనుషుల లెక్క అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఈరోజు పనుల పేర్లు, అగ్రిమెంట్ తేదీలు, గడువులు ఎక్కించాను. ఒక్కో పని కాలాన్ని చూపే బార్లు చక్కగా వచ్చాయి. అన్నీ మార్చి నెలాఖరుకు అయిపోతున్నట్టు చూపిస్తోంది. నాకు నమ్మకం కుదరలేదు.

జనవరి 18, శనివారం

సంక్రాంతికి ఊళ్లకు వెళ్లిన కూలీలు ఇంకా తిరిగి రాలేదు. సైట్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి ముగ్గురు ఏఈలను కూర్చోబెట్టి ఒక్క సీసీ రోడ్డు లెక్క తీశాం. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం. కాంక్రీట్ 45 ఘనపు మీటర్లు. దీనికి ఏఈ ఎన్ని గంటలు అక్కడ ఉండాలి?

మార్కింగ్, తవ్వకం లెవెల్స్‌కు 2 గంటలు. కింద పరిచిన పొర చూడడానికి 1. షట్టరింగ్, లెవెల్స్‌కు 2. కాంక్రీట్ రోజు 6 గంటలు కదలకుండా ఉండాలి. కాంక్రీట్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 31 నుంచి 50 ఘనపు మీటర్ల కాంక్రీట్‌కు 4 శాంపిళ్లు, ఒక్కోదానికి 3 క్యూబులు, అంటే 12 క్యూబులు పోయించి, నంబర్లు వేయించి, నీళ్లలో పెట్టించాలి. క్యూరింగ్ (కాంక్రీట్‌ను తడిగా ఉంచడం) చూడడానికి రోజుకు 20 నిమిషాల చొప్పున వారం. 7 రోజుల, 28 రోజుల క్యూబ్ పరీక్షలకు తిరగడం 2 గంటలు. కొలతలు తీయడం 3, ఎం-బుక్‌లో (కొలతల పుస్తకం) రికార్డు చేసి బిల్లు తయారు చేయడం 4. అన్నీ కూడితే 22 గంటల పైమాటే. డ్రైన్ అయితే మలుపులు, ఇళ్ల ముందు ర్యాంపుల పేచీలు కలిసి ఇంకాస్త పెరుగుతుంది.

"ఇంత అవుతుందని మేమే అనుకోలేదండీ" అన్నారు చిన్న ఏఈ గారు. ఆమె సర్వీసులో చేరి రెండేళ్లే. ఎవరూ ఇంతవరకు కూడి చూడలేదు.

జనవరి 25, శనివారం

ఈ వారం ముగ్గురూ తమ సమయం ఎలా పోయిందో చిన్న పుస్తకంలో రాశారు. అరగంటకు ఒక గీత, పక్కన ఒక మాట. అడిగింది అంతే.

ఆరు రోజులు, 48 గంటలు. అందులో పనుల మీద గడిచినవి ఒకరికి 24, ఒకరికి 20, ఒకరికి 19. సగటున 21. మిగతా సమయం ఎక్కడికి పోయిందో చూస్తే అందులో సోమరితనం ఎక్కడా కనబడలేదు. నీళ్లు రాలేదన్న ఫిర్యాదులు, మోటారు కాలిపోవడం, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక, టెలికాన్ఫరెన్సులు, యాప్‌లో ఫొటోలు ఎక్కించడం, ఎవరో పెద్దలు వస్తున్నారంటే దారిలో గుంతలు పూడ్చడం.

సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మనిషికీ గరిష్ఠంగా 100 శాతం అందుబాటు అని ఉంటుంది. ముందు అలాగే వదిలేశాను. ఇప్పుడు ఏఈలు ముగ్గురికీ దాన్ని 50 శాతం చేసి, ఏ వారం ఎవరి మీద ఎంత పని ఉందో చూపే హిస్టోగ్రామ్ తెరిచాను. ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి చివరి దాకా ముగ్గురి కడ్డీలూ అందుబాటు గీత దాటి పైకి లేచాయి. పెద్ద ఏఈ గారిది మార్చి మూడో వారంలో గీతకు రెండింతలు ఉంది.

వారానికి 21 గంటలు, ఒక రోడ్డుకు 22 గంటలు. అంటే ఒక ఏఈకి ఒక వారం ఒక రోడ్డు. ఫిబ్రవరి మొదటి నుంచి మార్చి నెలాఖరుకు ఎనిమిది వారాలు, ముగ్గురు మనుషులు. 24 పనులు. మన దగ్గర ఉన్నవి 31. ఈ కూడిక కాగితం మీద రెండు నిమిషాల పని. దీని కోసం ఇన్నేళ్లు మార్చి నెలలో అర్ధరాత్రి దాకా కూర్చున్నాం.

జనవరి 30, గురువారం

నిన్న ఎమ్మెల్సీ ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. మా జిల్లా పట్టభద్రుల నియోజకవర్గంలో ఉంది కాబట్టి ఎన్నికల కోడ్ వచ్చేసింది. పోలింగ్ ఫిబ్రవరి 27, లెక్కింపు మార్చి 3. నడుస్తున్న పనులు నడుస్తాయి. అగ్రిమెంట్ అయ్యి ఇంకా గడ్డపార పడని 7 పనులు మొదలుపెట్టడానికి లేదు.

ఆ ఏడింటికీ 'మార్చి 10కి ముందు మొదలు కాకూడదు' అని షరతు పెట్టాను. బార్లన్నీ ఒక్కసారిగా కుడివైపు జరిగి మార్చి 31 దాటి ఏప్రిల్‌లోకి వెళ్లిపోయాయి. మామూలుగా ఈ సంగతి మార్చి 20న తెలిసేది.

ఫిబ్రవరి 8, రెండో శనివారం

సెలవు. ఆఫీసు ప్రశాంతంగా ఉంది కాబట్టి వచ్చి ఒక తప్పు దిద్దాను. ఇలాంటి పని మొదలుపెట్టే ఇంకెవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

క్యూరింగ్‌ను ఒక టాస్క్‌గా 7 రోజులు అని పెట్టాను. ఆఫీసు క్యాలెండర్‌లో ఆదివారాలు, రెండో శనివారాలు, పండగలు సెలవులుగా ఎక్కించి ఉన్నాయి. దాంతో సాఫ్ట్‌వేర్ ఆ రోజుల్లో క్యూరింగ్ కూడా ఆపేస్తోంది. 7 రోజులది 9 రోజులు చూపిస్తోంది. 28 రోజుల క్యూబ్ పరీక్ష ఐదో వారంలోకి వెళ్లిపోతోంది. సిమెంట్‌కు ఆదివారం లేదు కదా. క్యూరింగ్, క్యూబుల వయసు, సెంట్రింగ్ (స్లాబ్ కింది ఆధారాలు) ఉంచాల్సిన రోజులు, ఈ మూడు రకాల టాస్కులకు మాత్రం విడిగా సెలవుల్లేని, వారంలో ఏడు రోజులూ నడిచే క్యాలెండర్ తగిలించాను. తేదీలు సరిపోయాయి.

ఇంకొకటి. ఐఎస్ 456 కనీసం 7 రోజుల క్యూరింగ్ అన్నది మామూలు ఓపీసీ సిమెంట్‌కు. ఫ్లైయాష్ కలిసిన పీపీసీ లాంటివాటికి కనీసం 10 రోజులు. మా సైట్లలో వచ్చేది ఎక్కువగా పీపీసీ బస్తాలే. టెంప్లేట్‌లో 10 చేశాను. ఆ మూడు రోజులు ఎవరో ఒకరు వెళ్లి తడి గోనెలు, గట్లు కట్టిన నీళ్లు చూసి రావాలి. ఆ పని వార్డు ఎమినిటీస్ సెక్రటరీలకు అప్పగించాం. వాళ్లలో చాలామంది సివిల్ చదివినవాళ్లే. ఇంతవరకు వాళ్ల చేత ఫొటోలు తీయించడం తప్ప ఇంజినీరింగ్ పని పెద్దగా చేయించలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

పెద్ద ఏఈ గారు సాయంత్రం తలుపు దగ్గరగా వేసి కూర్చున్నారు. "సార్, ఒక మాట. ఇదంతా మా మీద నిఘా కోసమా? ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రేపు పైకి పంపిస్తారా?"

ఆయనకు ఇంకో మూడేళ్లలో రిటైర్‌మెంట్. ఆ ప్రశ్న అడగడానికి ఎంత ఆలోచించి ఉంటారో నాకు తెలుసు. గంటల పుస్తకాలు మూడూ బీరువాలోంచి తీసి ఆయన చేతికే ఇచ్చాను. షీట్‌లో మనిషి పేరు పక్కన ఉన్న 'పూర్తయిన శాతం' కాలమ్ ఆయన ముందే తీసేశాను. ఏ తేదీన ఎవరు ఎక్కడ ఉండాలన్నదే ఉంటుంది, ఎవరు ఎంత చేశారన్నది ఉండదు అని చెప్పాను.

ఆయన కాసేపు స్క్రీన్ చూసి, "మరి మీ పేరేదండీ ఇందులో?" అన్నారు.

నిజమే, నా పేరు పెట్టుకోలేదు. రాత్రి కూర్చుని నన్ను నాలుగో మనిషిగా చేర్చాను. ప్రతి పనికి నేను చేయాల్సిన చెక్ మెజర్‌మెంట్‌కు (ఏఈ తీసిన కొలతలను మళ్లీ సరిచూడడం), వెళ్లి రావడం, ఎం-బుక్‌లో సంతకాలు కలిపి రెండున్నర గంటలు వేసుకున్నాను. హిస్టోగ్రామ్‌లో అందరికన్నా ఎత్తున లేచిన కడ్డీ నాదే. మార్చి 17 నుంచి 29 మధ్య 22 చెక్ మెజర్‌మెంట్లు, 55 గంటలు. ఆ రెండు వారాల్లో మీటింగులు పోను సైట్‌కు వెళ్లడానికి నాకు దొరికేది గట్టిగా 25 గంటలు. ఏఈలు రికార్డు చేసిన బిల్లులు నా టేబుల్ మీద ఆగిపోతున్నాయన్నది ప్రతి ఏడూ జరిగేదే. అది ఫండ్స్ వల్లనో అకౌంట్స్ వల్లనో అనుకుంటూ వచ్చాను.

ఫిబ్రవరి 22, శనివారం

మూడు నియమాలు పెట్టుకున్నాం.

ఒక ఏఈకి ఒక ఉదయం ఒకే కాంక్రీట్. కాంట్రాక్టర్ రెండు రోజుల ముందు అడగాలి, షీట్‌లో ఆ ఉదయం ఖాళీ ఉంటేనే సరే అంటాం. నేను ఫోన్‌లో విడిగా మాట ఇవ్వను.

నా చెక్ మెజర్‌మెంట్లు ఈ మంగళవారం నుంచే మొదలు. మంగళ, శుక్రవారాల్లో పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, పక్కపక్క వార్డులు కలిపి. పని మొత్తం అయ్యేదాకా ఆగకుండా, అయిన భాగం అయినట్టు.

ప్రతి ఏఈకి వారంలో రెండు మధ్యాహ్నాలు ఏ పనీ పెట్టకుండా వదిలేయడం. దీని గురించి ఎక్కువసేపు వాదన జరిగింది. పనులు ఇన్ని ఉండగా ఖాళీ ఏమిటని కమిషనర్ గారు అడిగారు. జనవరి పుస్తకాలు చూపించాను. ఆ గంటలు ఎలాగూ పోతాయి, ముందే పక్కన పెడితే కాంక్రీట్ ఉదయాలు పాడవవు అని చెప్పాను. ఒక నెల చూద్దామన్నారు.

సాఫ్ట్‌వేర్ నేనొక్కడినే తెరుస్తాను. మిగతా వాళ్లకు శనివారం నాలుగింటికి ఏ3 కాగితం మీద వచ్చే రెండు వారాల షీట్ తీసి గోడకు అంటిస్తున్నాం, ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. వర్క్ ఇన్‌స్పెక్టర్లలో పెద్దాయనకు మొదట్లో పెట్టిన బార్ల గాంట్ చార్ట్ నచ్చలేదు. "ఈ కర్రలన్నీ ఎందుకండీ, నేను ఏ రోజు ఎక్కడుండాలో ఒక్క గడిలో రాసేయండి" అన్నారు. అలాగే మార్చాం. అడ్డంగా తేదీలు, నిలువుగా మనుషుల పేర్లు, గడిలో వార్డు నంబరు, పని పేరు. చార్ట్ కన్నా ఇదే బాగుంది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

26న శివరాత్రి, అదే రోజు ఇద్దరు ఏఈలు ఎన్నికల సామగ్రితో వెళ్లారు, 27 రాత్రి పొద్దుపోయాక వచ్చారు. ఆ రెండు రోజులూ ఈరోజు ఉదయం కూడా షీట్‌లో ముందే కొట్టేసి ఉన్నాయి. ఎవరికీ ఫోన్లు చేయాల్సిన అవసరం రాలేదు.

మార్చి 11, మంగళవారం

కోడ్ తీసేశారు. ఆగిన 7 పనులు వెంటనే మొదలుపెట్టాలని ఒత్తిడి మొదలైంది. ఇది సహజమే. రెండు నెలలుగా ఆ వీధుల వాళ్లు కౌన్సిలర్లను అడుగుతున్నారు. మట్టి రోడ్డు మీద స్కూలుకు వెళ్లే పిల్లలకు కోడ్ ఏమిటో ఏం తెలుస్తుంది.

కమిషనర్ గారి దగ్గర షీట్ పరిచి రెండు దారులు చూపించాను. ఏడూ ఇప్పుడే మొదలుపెడితే నడుస్తున్నవాటిలో ఆరు పనుల కొలతలు 29లోపు రికార్డు కావు, వాటి బిల్లులు ఈ ఆర్థిక సంవత్సరంలో వెళ్లవు, ఏడింటి బిల్లులూ ఎలాగూ వెళ్లవు. లేదా నెలాఖరు దాకా 20 పనులు ముగించి, ఏప్రిల్ 1 నుంచి వరసగా ఆ ఏడు. ఈసారి మార్చి 30 ఆదివారం ఉగాది, 31 రంజాన్. కాబట్టి మాకు చివరి రోజు 29, శనివారం. ఇది జనవరిలోనే క్యాలెండర్‌లో ఎక్కించి ఉంది.

ఆయన గడులు లెక్కపెట్టుకుంటూ చూశారు. తర్వాత ఏ వీధి ఎప్పుడు మొదలవుతుందో తేదీ రాసి కౌన్సిలర్లకు ఇవ్వమన్నారు. ఏడు తేదీలు రాసి ఇచ్చాం. ఒక కౌన్సిలర్ గారు, "త్వరలో అని చెప్పి తిప్పుకునేకన్నా ఇది నయమండీ, నేను వెళ్లి చెప్పుకుంటాను" అన్నారు.

మార్చి 19, బుధవారం

నిన్న మధ్యాహ్నం రెండింటికి మెయిన్ రోడ్డు కింద ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంట్) పైపు పగిలింది. 200 మిల్లీమీటర్ల లైను, లారీల బరువుకు కాలర్ దగ్గర చీలింది. చిన్న ఏఈ గారు, ఇద్దరు ఫిట్టర్లు రాత్రి పదకొండింటి దాకా గుంతలోనే. తవ్వితే ఊట నీళ్లు వస్తూనే ఉన్నాయి, డీజిల్ పంపు పెట్టి తోడుతూ కొత్త ముక్క వేశారు. ఈ ఉదయం ఆమెకు 14వ వార్డులో కాంక్రీట్ ఉంది.

డిసెంబర్‌లో అయితే ఆమె నిద్ర లేకుండా వెళ్లి ఉండేవారు, లేదా కాంక్రీట్ ఎవరూ లేకుండా జరిగిపోయేది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో షీట్ ఫొటో చూశాను. రెండో ఏఈ గారికి ఈ ఉదయం కొలతల పని ఉంది, అది మధ్యాహ్నం ఖాళీలోకి జరుగుతుంది. ఆయనకు ఫోన్ చేస్తే, "చూశానండీ, నేనే వెళ్తాను, అమ్మాయిని పడుకోనివ్వండి" అన్నారు. ఆరింటికి స్లంప్ కోన్‌తో సైట్‌లో ఉన్నారు. 9 క్యూబులు పోయించి, ఒక్కోదాని మీద తేదీ గీయించి ఫొటో పెట్టారు.

ఈ మూడు నెలల్లో నాకు బాగా తృప్తినిచ్చిన రోజు ఇది.

మార్చి 29, శనివారం

సాయంత్రం ఏడింటికి రాస్తున్నాను. రాత్రి కూర్చోవాల్సిన పని లేదు. కల్వర్టులు రెండూ, కోడ్‌లో ఆగిన ఏడూ పోను మిగిలిన 22లో 20 పనుల కొలతలు రికార్డయ్యాయి, చెక్ అయ్యాయి, బిల్లులు వెళ్లాయి. మిగిలిన రెండింటిలో ఒకటి డ్రైన్, ఇంటి గోడ హద్దు తగాదా తేలక ఆగింది. రెండోది డిసెంబర్ నాటి రోడ్డు. కోర్ ఫలితాలు 40 మీటర్లలో ఒకచోట తక్కువ వచ్చాయి. ఆ ముక్క పగలగొట్టి మళ్లీ వేయమని నోటీసు ఇచ్చాం. ఆ రెండూ రానందుకు బాధే. కానీ అవి రావని మార్చి 11నే తెలుసు.

ఈ నెలలో నా చెక్ మెజర్‌మెంట్లలో ఒకచోట డ్రైన్ గోడ మందం తక్కువ కనబడింది. పోయిన ఏడాది మార్చి చివరి వారంలో చూసినట్టు చూసి ఉంటే టార్చిలైటు వెలుగులో అది నా కంట పడేది కాదు.

ఏప్రిల్ 21, సోమవారం

కాలువలకు నీళ్లు ఆపేశారు. అంతకు ముందే మంచినీటి చెరువు నిండింది, నెలన్నర నీళ్లకు ఢోకా లేదు. ఇక కల్వర్టుల సంగతి. కాలువలో నీళ్లు లేని ఈ రోజుల్లోనే చేయాలి. అందుకే ఇవి షీట్‌లో మొదటి నుంచి విడిగా ఉన్నాయి, వీటిని చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కవేశాం.

జూన్ 1కి నీళ్లు వదులుతారని పెట్టుకుని వెనక్కి రండి. మే 30కి కాలువలో కర్ర ముక్క ఉండకూడదు. స్లాబ్ 5 మీటర్ల స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం). 4.5 మీటర్లు దాటింది కాబట్టి ఐఎస్ 456 ప్రకారం సపోర్టులు 14 రోజులు కదపకూడదు. విప్పి, ఎత్తి, పూడిక తీయడానికి ఇంకో 3 రోజులు. అంటే మే 13కి స్లాబ్ పడాలి. దాని ముందు కడ్డీ కట్టడం 4 రోజులు, సెంట్రింగ్ 5, రెండు పక్కలా అబట్‌మెంట్లు (స్లాబ్‌ను మోసే గోడలు) 9, పునాది, నీళ్లు తోడడం 4. ఏప్రిల్ 21. ఈరోజే. ఒక్క రోజు కూడా మిగులు లేదు.

ఈ మూడు వారాలు పెద్ద ఏఈ గారు పూర్తిగా ఇక్కడే. ఆయన డెల్టా కాలువల మీద కల్వర్టులు కట్టించి ఉన్నారు, ఊట ఎటునుంచి వస్తుందో మట్టి చూసి చెబుతారు. ఈ ఉదయం ఆరింటికి బురదలో దిగి బొటనవేలితో నొక్కి చూసి, "ఇక్కడ రెండో పంపు కావాలండీ, రేపటికల్లా" అన్నారు. పంపు చెప్పాం.

రెండో కల్వర్టుకు మిగిలిన ఇద్దరు ఏఈల గడులు నాలుగుసార్లు అటూ ఇటూ జరిపి చూశాను. మార్చిలో కౌన్సిలర్లకు రాసి ఇచ్చిన ఏడు తేదీల్లో మూడు తప్పితే గానీ కుదరదు. వచ్చే ఏడాది కాలువల క్లోజర్‌కు పెట్టమని కమిషనర్ గారికి నోట్ రాశాను, ఏ3 షీట్ జత చేశాను. రేపు ఉదయం ఆరింటికి 9వ వార్డులో కాంక్రీట్, చిన్న ఏఈ గారు. ఆరున్నరకు నేను 11లో.